కీలు మార్పిడి తర్వాత ఇన్‌ఫెక్షన్: ఆ మెసేజ్‌లో ఏం తప్పు?

"మోకాలు మార్పిడి అయ్యాక కుట్ల దగ్గర కారుతుంటే కంగారొద్దు, 15 రోజులు యాంటీబయాటిక్ మాత్రలు వేసుకుంటే ఆరిపోతుంది. మళ్లీ తెరవమనేది డబ్బు కోసమే. తగ్గకపోతే అప్పుడు టెస్టులు చేయించుకోవచ్చు." ఈ మెసేజ్ తెగ తిరుగుతోంది.

"మాత్రలతో ఆరిపోతుంది."
కారడం ఆగొచ్చు, ఇన్‌ఫెక్షన్ పోదు. కృత్రిమ కీలులోని లోహానికీ ప్లాస్టిక్‌కీ రక్తప్రసరణ లేదు. వాటికి అంటుకున్న బాక్టీరియా చుట్టూ జిగురు పొర, అంటే బయోఫిల్మ్, కట్టుకుంటుంది. రక్తంలో తిరిగే బాక్టీరియాను చంపే మోతాదు ఆ పొరలో ఉన్నదాన్ని ఏమీ చేయలేదు. మందు ఆపిన కొన్నాళ్లకే మళ్లీ వాపు, చీము. అసలు నష్టం ఇంకోటుంది. సర్జరీ అయిన సుమారు 4 వారాల్లోపు, లేదా లక్షణాలు మొదలైన 3 వారాల్లోపు అయితేనే ఇంప్లాంట్‌ను, అంటే అమర్చిన కృత్రిమ కీలును, ఉంచి శుభ్రం చేసే అవకాశం బాగుంటుంది. మెసేజ్ చెప్పే 15 రోజులు ఆ గడువులోంచే పోతాయి.

"మళ్లీ తెరవడం డబ్బు కోసమే."
తెరిచేది సెలైన్‌తో కడగడానికి మాత్రమే కాదు. రెండు లోహపు భాగాల మధ్య ఉండే ప్లాస్టిక్ ముక్కను తీస్తే తప్ప మోకాలి వెనక వైపున్న పాడైన కణజాలం చేతికందదు. దాన్ని గోకి తీసేసి, కొత్త ముక్క పెడతారు. గొట్టం దూర్చి చేసే ఆర్త్రోస్కోపీతో ఈ పని కాదు.

"టెస్టులు తర్వాత."
సరిగ్గా తలకిందులు. ముందే మాత్ర పడితే కల్చర్‌లో, అంటే నమూనాలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షలో, ఏమీ పెరగకపోవచ్చు. ఒంట్లో విషమించిన లక్షణాలు లేకపోతే, వాడుతున్న యాంటీబయాటిక్‌ను కూడా డాక్టర్లు 2 వారాలు ఆపించి కీలులోని ద్రవం తీస్తారు. ఆపరేషన్‌లో వేర్వేరు చోట్ల నుంచి, వేర్వేరు పరికరాలతో పరీక్ష కోసం 5, 6 కణజాలపు ముక్కలు తీయాలి. రెండింటిలో ఒకే క్రిమి కనిపిస్తే ఇన్‌ఫెక్షన్ ఖాయం. చర్మం మీద కారే చోట దూదిపుల్లతో తీసిన నమూనా చాలాసార్లు చర్మపు క్రిమినే చూపిస్తుంది.

మెసేజ్‌లో కాస్త నిజం లేకపోలేదు: మాత్రలు పనికొస్తాయి. ఎముకలు, కీళ్ల ఇన్‌ఫెక్షన్ల మీద జరిగి 2019లో వెలువడిన ఒవివా ట్రయల్‌లో, మొదటి 6 వారాల చికిత్సలో నోటి మందులు ఇంజెక్షన్లకు తీసిపోలేదు. కానీ అందులో ఎక్కువమందికి సర్జరీ జరిగింది. మాత్రలు దానికి తోడు, బదులు కాదు. స్టెఫిలోకాకస్ అనే బాక్టీరియా బయోఫిల్మ్ మీద బాగా పనిచేసే రిఫాంపిసిన్ అనే యాంటీబయాటిక్‌నైనా ఒంటరిగా ఇవ్వకూడదు, కొద్ది రోజుల్లోనే క్రిమి దానికి లొంగడం మానేస్తుంది. ఇక కోర్సు సంగతి: 2021లో వచ్చిన ఫ్రెంచ్ ట్రయల్‌లో సర్జరీ తర్వాత 6 వారాల కోర్సు కంటే 12 వారాలదే మెరుగని తేలింది. 15 రోజులనే లెక్క ఎక్కడిదో మరి!

సర్జరీ అయి 5 నుంచి 7 రోజులు దాటినా కట్టు తడుస్తుంటే, ఇంట్లో ఉన్న మాత్ర వేసుకోకుండా ఆ రోజే సర్జన్‌కు చూపించాలి.