స్పీకర్లు ఎటు తిరగాలి?

కడపలో ఒక మిద్దె ఇల్లు. గది 14 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. కింద నల్లటి కడప బండలు, నడుమ మంచం, ఎదుటి మూలల్లో గోడకు ఆనించిన రెండు స్టీరియో స్పీకర్లు. వాటిని జరపాలంటాడు బామ్మర్ది. వద్దంటాడు బావ.

బావ: మూలల్లోనే ఉండనీ అబ్బీ. దారికి అడ్డం లేవు, బేస్ గట్టిగా వస్తోంది. ఇంకేం కావాలి?

బామ్మర్ది: ఆ గట్టిదనం పాటది కాదు బావా, గోడలది. బేస్ అన్ని వైపులకూ పోతుంది. మూలలో పెడితే రెండు గోడలూ నేలా కలిసి దాన్ని పెంచేస్తాయి. మృదంగం ఎడమవైపు దెబ్బలు విడివిడిగా వినబడాల్సింది, ఒకటే మోతగా వస్తున్నాయి. వెనకా పక్కనా రెండేసి అడుగులు వదిలి చూడండి.

బావ: రెండేసి అడుగులంటే నడిచే చోటే ఉండదు. అయినా చెడంతా ఈ బండల్లో ఉంది. చప్పట్లు కొడితే గది గణగణమంటుంది. ఇక స్పీకర్‌ను ఎటు తిప్పితే ఏం?

బామ్మర్ది: అందుకే తిప్పాలి. సన్నటి స్వరాలు టార్చిలైటు వెలుగులా ముందుకే పోతాయి. స్పీకర్‌ను లోపలికి తిప్పితే పక్కగోడకు తగిలేది తగ్గి, నేరుగా చెవికొచ్చేది పెరుగుతుంది. మీరు మంచం మీద కూర్చోండి, ఒకరు పక్కగోడ వెంట అద్దం జరుపుతారు. అద్దంలో ట్వీటర్, అంటే సన్నటి స్వరాలు పలికే చిన్న స్పీకర్, కనబడిన చోటే ధ్వని తగిలి మీ మీదికొస్తోంది. అక్కడ బొంత వేలాడదీద్దాం. ముందర జంపఖానా పరుద్దాం.

బావ: బొంతా జంపఖానా సరే. కానీ ఈ కొలతలన్నీ మంచం మధ్యలో కూర్చున్న ఒక్కరి కోసమే కదా! చివర కూర్చునే మీ అక్క సంగతేంది? పాట ఇంట్లో అందరిదీ.

(ఈ మాట దగ్గర బావదే పైచేయి. పాటలకని ఒక గది విడిగా ఉంచుకోగల ఇళ్లు మనలో ఎన్ని?)

బామ్మర్ది: న్యాయమే. ఒక స్పీకర్ అడుగు దగ్గరైతే దాని ధ్వని దాదాపు సెకనులో వెయ్యోవంతు ముందొస్తుంది. అంతమాత్రానికే గాయని గొంతు నడుమ నిలవక ఆ స్పీకర్‌లోకి పోతుంది. దానికీ ఉపాయముంది. స్పీకర్లను ఇంకా తిప్పి, వాటి గురి మన ముందరే ఒకదాన్నొకటి దాటేలా పెట్టాలి. అప్పుడు అక్క ఎడమ చివర కూర్చుంటే, దగ్గరున్న ఎడమ స్పీకర్ ముఖం ఆమెకు పక్కకు తిరిగి ఉంటుంది, జోరు తగ్గుతుంది. దూరంగా ఉన్న కుడిది ఆమె వైపే చూస్తుంది. గొంతు మళ్లీ నడుమకు వస్తుంది.

బావ: పూర్తిగా వస్తుందా?

బామ్మర్ది: పూర్తిగా రాదు. ఇప్పటికంటే చాలా నయం.

బావ: అయితే తిప్పు. మూలలోంచి ఒక్క అడుగే బయటికి, అంతకు మించితే తలుపు తెరుచుకోదు. కడప ఆకాశవాణిలో ఏదైనా ప్రసంగం పెట్టు. మాట రెండిటి నడుమ ఖాళీలోంచి రాకపోతే మళ్లీ మూలల్లోకే.

బామ్మర్ది: ఒప్పుకున్నా. కానీ మంచం కూడా కొంచెం వెనక్కి జరగాలి బావా. 14 అడుగుల గదిలో నట్టనడుమ కూర్చుంటే 40 హెర్ట్జ్ దగ్గరి బేస్ వినబడదు.

బావ: మంచం మాట మీ అక్కనడుగు.