సున్నా ప్రమాదాలకు బహుమతులిస్తే ప్రమాదాలు తగ్గవు

మార్చి 4 వస్తే మన పారిశ్రామికవాడల్లో ప్రతి గేటు దగ్గరా భద్రతా పతాకం ఎగురుతుంది. 1966లో అదే రోజున జాతీయ భద్రతా మండలి ఏర్పడింది. 1972 నుంచి ఆ తేదీని జాతీయ భద్రతా దినంగా పాటిస్తున్నాం. వారం రోజులు ప్రతిజ్ఞలు, బ్యాడ్జీలు, నినాదాల పోటీ, పోస్టర్ల పోటీ, క్విజ్, ఆఖరి రోజు బహుమతుల ప్రదానం. వీటిలో తప్పుపట్టాల్సింది లేదు. కార్మికుడూ మేనేజరూ ఒకే వరసలో నిలబడే సందర్భాలే తక్కువ, అలాంటి ఒక పూట దొరకడం మంచిదే. అయితే ఆ వారంలో ఎవరిని వేదిక మీదికి పిలుస్తున్నాం, దేనికి చప్పట్లు కొడుతున్నాం అన్నదాన్ని బట్టే మిగతా 51 వారాలు షాప్‌ఫ్లోర్ మీద మనుషులు ఎలా నడుచుకుంటారో తేలుతుంది. ఇప్పుడు మనం ఎక్కువగా బహుమతి ఇస్తున్నది సున్నాకి. ఇది మారాలి.

చాలా ఫ్యాక్టరీల గేటు లోపల ఒక బోర్డు ఉంటుంది: 'చివరి ప్రమాదం జరిగి ఇన్ని రోజులు'. ఆ అంకె 365 దాటితే కేక్ కోస్తారు, వెయ్యి దాటితే అందరికీ కుక్కర్లు, బ్యాగులు పంచుతారు. అంకె మళ్లీ సున్నాకి పడిపోతే ఆ డిపార్ట్‌మెంట్ మొత్తానికి బహుమతి పోతుంది. పంప్ కప్లింగ్‌లో వేలు నలిగిన హెల్పర్ తన నొప్పి గురించి చెప్పాలంటే ముందు తోటివాళ్ల ముఖాలు చూడాలి. పాత ఫ్యాక్టరీల చట్టం ప్రకారం గానీ, 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త వృత్తి భద్రతా కోడ్ ప్రకారం గానీ, గాయపడిన మనిషి 48 గంటలు లేదా అంతకుమించి పనికి రాలేకపోతేనే ఆ ప్రమాదాన్ని ప్రభుత్వానికి తెలియజేయాలి. ఈ గీత తెలిసినచోట కట్టుకట్టిన చేత్తోనే మనిషిని కారులో తీసుకొచ్చి టైమ్ ఆఫీసులో కుర్చీలో కూర్చోబెడతారు. హాజరు పడుతుంది, ప్రమాదం లెక్కలోకి రాదు.

ఫ్రీక్వెన్సీ రేటు అనే లెక్కకూ ఇదే బలహీనత ఉంది. పని నష్టపోయిన గాయాల సంఖ్యను 10 లక్షలతో గుణించి, మొత్తం పనిగంటలతో భాగిస్తారు. 400 మంది, రోజుకు 8 గంటలు, ఏడాదికి 300 రోజులు అనుకుంటే 9,60,000 గంటలు. ఒక్క గాయం నమోదైతే రేటు సుమారు 1.04. కాంట్రాక్ట్ కార్మికుల గంటలను భాగించే గంటల్లో కలిపి, వాళ్ల గాయాలను కాంట్రాక్టర్ ఖాతాలో వదిలేస్తే రేటు దానంతటదే దిగిపోతుంది. కేంద్ర కార్మిక శాఖ ఇచ్చే జాతీయ భద్రతా అవార్డుల్లో ఈ రేటే ప్రధాన కొలమానం కాబట్టి, దాన్ని తగ్గించి చూపాలన్న ఒత్తిడి పైనుంచి కిందిదాకా ఉంటుంది.

అంతకంటే పెద్ద చిక్కు మరొకటి. వేళ్లు తెగడం, జారిపడటం తగ్గినంత మాత్రాన రసాయన చర్య జరిపే పాత్ర, అంటే రియాక్టర్, పేలే ముప్పు తగ్గినట్టు కాదు. రెండింటి కారణాలు వేరు. 2005 మార్చి 23న అమెరికాలోని టెక్సాస్ సిటీ రిఫైనరీలో పేలుడుకు 15 మంది చనిపోయారు. అదే రోజు మధ్యాహ్నం అక్కడి కాంట్రాక్ట్ సిబ్బంది గాయాల్లేని నెల గడిచినందుకు విందు చేసుకున్నారు. గాయాల రేటును చూసి ప్రాసెస్ భద్రత (పేలుడు, లీకు లాంటి పెద్ద ప్రమాదాల నుంచి రక్షణ) బాగుందని యాజమాన్యం పొరబడిందని ఆ ప్రమాదం తర్వాత వేసిన బేకర్ కమిటీ తేల్చింది. 2010 ఏప్రిల్ 20న సముద్రంలో చమురు బావి తవ్వే డీప్‌వాటర్ హొరైజన్ రిగ్ పేలి 11 మంది చనిపోయిన రోజున, పని నష్టపోయిన గాయం లేకుండా ఏడేళ్లు గడిచాయని అభినందించడానికి వచ్చిన పెద్దలు రిగ్ మీదే ఉన్నారు.

మన దగ్గర సంగతి చూద్దాం. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ అనే రసాయనం ఆవిరి ఊరిమీద పడింది. 12 మంది చనిపోయారు. సైరన్ మోగించే ఏర్పాటు 36 చోట్ల ఉన్నా ఎవరూ మోగించలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ చెప్పింది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో సాల్వెంట్ (రసాయనాలను కరిగించే, మండే ద్రవం) లీకై, ఆవిరి అంటుకుని పేలింది. 17 మంది పోయారు. 2025 జూన్ 30న పాశమైలారంలో మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ పొడి తయారుచేసే యూనిట్‌లో జరిగిన పేలుడు 50 మందికి పైగా ప్రాణాలు తీసింది. మృతులను గుర్తించడానికి డీఎన్ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. ఈ మూడింటిలో దేన్నీ గేటు బోర్డు మీది అంకె ముందుగా చెప్పలేదు, చెప్పడం దానికి సాధ్యం కూడా కాదు.

మరి దేన్ని గుర్తించాలి? చెడ్డ కబురు ముందుగా తెచ్చినవాడిని. ఒత్తిడి మితిమీరితే బయటికి వదిలే రిలీఫ్ వాల్వ్ కింద బ్లాక్ వాల్వ్ మూసి ఉందని చెప్పిన ఆపరేటర్‌ను. వేడి మితిమీరితే ప్రక్రియను దానంతటదే ఆపే హై టెంపరేచర్ ఇంటర్‌లాక్‌ను ఎవరో బైపాస్‌లో పెట్టి (పనిచేయకుండా చేసి) మరిచిపోయారని పట్టుకున్న ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌ను. కూలింగ్ సరిపోవడం లేదని బ్యాచ్ (ఒక విడత తయారీ) ఆపేసిన షిఫ్ట్ ఇన్‌చార్జిని, ఆ తర్వాత కూలింగ్ బాగానే ఉందని తేలినా సరే. ఈ చివరి మాట ముఖ్యం. ఆపింది తప్పని తేలిన రోజున యాజమాన్యం ఎలా ప్రవర్తించిందో ప్లాంట్ మొత్తం చూస్తుంది. ప్రమాదం ముంచుకొస్తోందని హెచ్చరించే హక్కును భోపాల్ తర్వాత, 1987 సవరణతో, 41-హెచ్ సెక్షన్‌గా పాత ఫ్యాక్టరీల చట్టంలో చేర్చారు. అయితే అది హెచ్చరించే హక్కు; పని ఆపే అధికారం కంపెనీ రాసి ఇస్తేనే కార్మికుడికి చేతికొస్తుంది. భద్రతా వారోత్సవంలో ప్రతిజ్ఞ చదివించే బదులు ప్లాంట్ హెడ్ సంతకంతో 'పని ఆపినందుకు ఎవరి మీదా చర్య ఉండదు' అనే కాగితాన్ని తెలుగు, హిందీ, ఒడియాల్లో ప్రతి కంట్రోల్ రూమ్‌లో అంటించడం ఎంతో మేలు.

ఈ పద్ధతికి మన దగ్గర పునాది లేకపోలేదు. విశ్వకర్మ రాష్ట్రీయ పురస్కారాలు దశాబ్దాలుగా ఉన్నాయి; ఉత్పాదకతకో, భద్రతకో పనికొచ్చే సూచన చేసి, అది అమలయ్యేలా చూసిన కార్మికులకు ఇస్తారు. అవార్డుల్లో అన్నిటికన్నా తక్కువ ప్రచారం ఉన్నదీ, ఎక్కువ విలువైనదీ ఇదేనని నా అభిప్రాయం. ప్రతి యూనిట్ తన స్థాయిలో దీన్నే నడపవచ్చు.

నడిపేటప్పుడు ఎక్కడ చెడుతుందో కూడా తెలిసి ఉండాలి. నియర్ మిస్ కార్డులకు (తృటిలో తప్పిన ప్రమాదం గురించి కార్మికులు రాసిచ్చేవి) సంఖ్య మీద బహుమతి పెడితే 'నేల మీద నీళ్లు', 'హెల్మెట్ పెట్టుకోలేదు' లాంటి కార్డులు వందల్లో వచ్చిపడతాయి, అసలైనవి వాటి కింద కూరుకుపోతాయి. నెలకు ఇన్ని కార్డులని ప్రతి సూపర్‌వైజర్‌కీ టార్గెట్ వేస్తే నెలాఖరున కూర్చుని కల్పించి రాస్తారు. బరువును బట్టి ఎంచాలి: ఒక రక్షణ పొర విఫలమైందని చెప్పే కార్డు, చిన్నాచితకా కార్డులు యాభైతో సమానం. కార్డు రాసిన మనిషికి 72 గంటల్లో జవాబు రావాలి. 'కుదరదు' అయినా సరే, ఎందుకు కుదరదో చెప్పాలి. రెండుసార్లు జవాబు రాకపోతే మూడోసారి ఎవరూ రాయరు. బహుమతి అదే వారంలో, ఆ షిఫ్ట్‌లోనే, నలుగురి ముందూ అందాలి. కార్డు రాసినవాడితో పాటు లోపాన్ని సరిచేసిన ఫిట్టర్ పేరూ చదవాలి. కాంట్రాక్ట్ కార్మికుడి పేరు ఆ జాబితాలో లేకపోతే పథకం సగం చచ్చినట్టే. రియాక్టర్ మ్యాన్‌హోల్ (పైన మూత ఉండే రంధ్రం) దగ్గర నిలబడేది చాలాచోట్ల అతనే. ఇక ఒకవైపు బ్యాచ్ టార్గెట్‌కు వేలల్లో ఇన్సెంటివ్, మరోవైపు బ్యాచ్ ఆపినందుకు ఒక సర్టిఫికెట్ అంటే షిఫ్ట్ ఇన్‌చార్జి దేనివైపు మొగ్గుతాడో చెప్పనక్కర్లేదు. భద్రత కోసం ఆపిన గంటలను టార్గెట్ లెక్కలోంచి తీసేయాలి.

శిక్షణ సంగతికొస్తే, చాలా యూనిట్లలో ఇండక్షన్ అంటే ఒక గదిలో గంటసేపు స్లైడ్లు, చివర్లో సంతకం. బిహార్ నుంచో ఒడిశా నుంచో నిన్న దిగిన కుర్రాడికి ఇంగ్లిష్ స్లైడ్లు, తెలుగు వివరణ. ఆ సంతకం ఆడిట్‌కు పనికొస్తుంది గానీ అతనికి పనికిరాదు. నేర్పాల్సింది అతను రేపు చేయబోయే పనిని, ఆ పని జరిగే చోటే.

బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) ప్లాంట్‌లో రోజూ జరిగే ఒక పనిని తీసుకుందాం. రియాక్టర్‌లో టోలుయిన్ అనే సాల్వెంట్ ఉంది. మ్యాన్‌హోల్ తెరిచి పాలిథీన్ లైనర్ ఉన్న బ్యాగులోంచి పొడి వంచాలి. టోలుయిన్ ఫ్లాష్ పాయింట్ (దాని ఆవిరి నిప్పు తగిలితే అంటుకోగల కనీస ఉష్ణోగ్రత) సుమారు 4 డిగ్రీల సెల్సియస్. అంటే మన వాతావరణంలో మ్యాన్‌హోల్ మూతి దగ్గర అంటుకోగల ఆవిరి ఎప్పుడూ ఉంటుంది. పొడి ప్లాస్టిక్ మీద జారుతూ స్టాటిక్ విద్యుత్తు పుట్టిస్తుంది. మ్యాన్‌హోల్ తెరవగానే లోపలి నైట్రోజన్ రక్షణ చెదిరి గాలి చొరబడుతుంది. ఇంధనం, గాలి, నిప్పురవ్వ మూడూ ఒకేచోట కలిశాయి. కెమిస్ట్రీ అనుమతిస్తే పొడి ముందు వేసి, మూత బిగించి, నైట్రోజన్ పట్టించాక సాల్వెంట్ పంపాలి. సాల్వెంట్‌ను అడుగుదాకా తెచ్చే డిప్ పైపు మూతి మునిగేదాకా సాల్వెంట్ వేగం సెకనుకు ఒక మీటరు దాటకూడదు. అలా కుదరకపోతే మూసి ఉన్న పద్ధతిలో పొడి ఎక్కించే పరికరం కావాలి. ఇది కార్మికుడి జాగ్రత్తతో తీరే సమస్య కాదు, పరికరానికి డబ్బు పెట్టాల్సిన సమస్య. శిక్షణ పేరుతో ఈ భారాన్ని కార్మికుడి నెత్తిన వేయడం అన్యాయం.

అదే చోట స్టాటిక్ విద్యుత్తును నేలలోకి పంపే ఎర్తింగ్ క్లాంప్ చూడండి. డ్రమ్ముకు తగిలించే ఉంటుంది, ఫొటోలో చక్కగా కనిపిస్తుంది. కానీ క్లాంప్ పళ్లు అరిగిపోయి పెయింట్ మీదే ఆగిపోతాయి, లోహాన్ని తాకవు. మల్టీమీటర్ పెట్టి చూస్తే 10 ఓమ్‌ల లోపు రావాల్సింది అసలు కంటిన్యుటీయే (విద్యుత్ మార్గం ఉన్నట్టే) చూపదు. ఈ ఒక్క పరీక్షను ఆపరేటర్ల చేత వాళ్ల సొంత క్లాంపుల మీద చేయిస్తే పది నిమిషాల్లో బుర్రకెక్కుతుంది. వంద స్లైడ్లు ఆ పని చేయలేవు.

ఇరుకు ప్రదేశాల్లో దిగే పనీ అంతే. ఆక్సిజన్ 19.5 నుంచి 23.5 శాతం మధ్య, మండే ఆవిరి ఎల్ఈఎల్‌లో (గాలిలో అంటుకోవడానికి కావాల్సిన కనీస మోతాదులో) 10 శాతం లోపు ఉండాలని పర్మిట్ మీద రాసి ఉంటుంది. మీటర్‌ను మూతి దగ్గరే పట్టుకుని అంకె వేసేస్తారు. పైన, మధ్యలో, అడుగున మూడుచోట్లా చూడాలి. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలికన్నా బరువు, అడుగునే కూర్చుంటుంది. ఎక్కువ మోతాదులో అది వాసన తెలిసే శక్తినే చంపేస్తుంది కాబట్టి ముక్కును నమ్మడానికి లేదు. నైట్రోజన్‌కైతే అసలు వాసనే లేదు. అది నిండిన పాత్రలో ఒకటి రెండు శ్వాసలకే స్పృహ తప్పుతుంది. పడిపోయినవాడిని లాగుదామని దిగిన రెండోవాడూ, మూడోవాడూ పోవడం మన సెప్టిక్ ట్యాంకుల నుంచి రియాక్టర్ల దాకా చూస్తూనే ఉన్నాం. అందుకే రెస్క్యూను నిజంగా చేసి చూడాలి: 70 కిలోల డమ్మీని పాత్ర అడుగున పెట్టి ట్రైపాడ్‌తో పైకి లాగాలి. వీపు మీద శ్వాస సిలిండర్‌తో 450 మిల్లీమీటర్ల మ్యాన్‌హోల్‌లో మనిషి పట్టడని చాలా ప్లాంట్లకు తెలిసేది అప్పుడే.

మాక్ డ్రిల్ కూడా ఇలాగే జరగాలి. ప్రమాదకర రసాయనాల నిబంధనలు 1989 ప్రకారం భారీ ప్రమాద ముప్పు ఉన్న ఫ్యాక్టరీలు ఆరునెలలకోసారి లోపలి డ్రిల్ చేయాలి. ఊళ్లను కలుపుకొని చేసే డ్రిల్ ఏడాదికోసారి. సాధారణంగా పగలు పదకొండింటికి, ముందే చెప్పి, అధికారులు వచ్చాక మొదలుపెడతారు. వెంకటాపురంలో ఆవిరి వచ్చింది తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతంలో. రాత్రి షిఫ్ట్‌లో, ఎవరికీ చెప్పకుండా, ఒక డ్రిల్ చేయాలి. సైరన్ ఎవరి అనుమతి కోసం ఎన్ని నిమిషాలు ఆగింది? గాలి దిశ చూపే విండ్ సాక్ చూసి గాలికి అడ్డంగా వెళ్లారా, అలవాటైన గేటు వైపే పరిగెత్తారా? కాంట్రాక్ట్ కార్మికులు, లారీ డ్రైవర్లతో సహా తలల లెక్క తేలడానికి ఎంతసేపు పట్టింది? ఈ అంకెలను పేలవంగా వచ్చినా దాచకుండా నోటీసు బోర్డు మీద పెట్టిన ప్లాంట్‌కు అవార్డు ఇవ్వాలి.

పరిశ్రమల సదస్సుల గురించి రెండు మాటలు. పరవాడలోనో జీడిమెట్లలోనో ఒక యూనిట్‌లో తప్పిపోయిన ప్రమాదం గోడ అవతలి యూనిట్‌కు తెలియదు. పోటీ, పరువు, లాయర్ల భయం అడ్డొస్తాయి. చమురు రంగంలో ఓఐఎస్‌డీ (చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్) ప్రమాదాల కేస్ స్టడీలను సంస్థలకు పంచుతోంది. ఫార్మా, రసాయన క్లస్టర్లలోనూ అలాంటి ఏర్పాటు కావాలి: మూడు నెలలకోసారి, పేర్లు తీసేసి, ప్రతి యూనిట్ ఒక నియర్ మిస్‌ను డ్రాయింగ్‌తో సహా చెప్పాలి. అక్కడ కూర్చోవాల్సింది సేఫ్టీ ఆఫీసర్లు మాత్రమే కాదు, ప్రొడక్షన్ మేనేజర్లు కూడా. కొత్త కోడ్ ప్రకారం ప్రమాదకర ప్రక్రియలున్న ఫ్యాక్టరీలో 250 మంది కార్మికులుంటే సేఫ్టీ ఆఫీసర్ తప్పనిసరి. అంతకన్నా చిన్న యూనిట్లకు సొంత నిపుణుడు ఉండకపోవచ్చు. వాటికి ఈ సమావేశమే ఆసరా.

ఫ్యాక్టరీల శాఖలు అవార్డు దరఖాస్తు ఫారాన్ని మార్చడంతో మొదలుపెట్టవచ్చు. గాయాల రేటు గడి పక్కన మరో నాలుగు గడులు చేర్చాలి: గడువు దాటినా పరీక్షించని రిలీఫ్ వాల్వులు ఎన్ని, ఇవాళ బైపాస్‌లో ఉన్న ఇంటర్‌లాక్‌లు ఎన్ని, భద్రత కోసం ఈ ఏడాది ఆపిన బ్యాచ్‌లు ఎన్ని, రాత్రి డ్రిల్‌లో తలల లెక్కకు పట్టిన నిమిషాలెన్ని. మూడో గడిలో సున్నా రాసిన కంపెనీకి ముందు తనిఖీ బృందం వెళ్లాలి.