వీరగల్లు కింద బంగారం లేదు

మూడు వారాల్లో నాలుగు గ్రూపుల్లో వచ్చిందా మెసేజ్. పంపినవాళ్లలో మా మేనమామ కూడా ఉన్నాడు. "రోడ్డు పక్కన, పొలం గట్టున పాత రాళ్లు కనిపిస్తే వదలకండి, ఈ గుర్తులుంటే కింద నిధి ఖాయం" అంటూ ఆరు పాయింట్లు. చివర "పదిమందికి పంపండి". మామయ్యా, ఇది మీకూ, మీరు పంపిన ఆ పదిమందికీ.

వీరగల్లులన్నీ, అంటే పోరాటంలో చనిపోయిన వీరుల గుర్తుగా నిలిపిన రాళ్లన్నీ, రాయలవారి సైనికులవట. కాదు. చిత్తూరు వైపు బాణులు, వైదుంబులు అనే రాజవంశాల కాలం నాటి వీరగల్లులు రాయలకు ఐదారు వందల ఏళ్లు ముందువి. పాము బొమ్మ ఉంటే నిధికి కాపలా అట. పిల్లలు పుట్టాలని మొక్కుకుని వేపచెట్టు కింద నిలిపిన నాగప్రతిమ అది. మీ ఊళ్లోనూ ఉంటుంది, చూడండి.

చదవలేని అక్షరాలు రహస్య సంకేతాలట. అవి మన అక్షరాలే! కడప జిల్లా కలమళ్లలో రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి శాసనం సుమారు క్రీ.శ. 575 నాటిది, తెలుగులోనే ఉంది. పద్నాలుగు వందల ఏళ్లలో అక్షరం రూపు మారింది కాబట్టి మనకు చప్పున అందదు, అంతే. రాతిమీద తడి కాగితం పరిచి, బ్రష్‌తో కొట్టి, సిరా అద్ది నకలు తీసి చదివేవాళ్లు నూరేళ్లకు పైగా ఆ పని చేస్తూనే ఉన్నారు.

ఇక అసలు విషం మొదటి రెండు పాయింట్లలో ఉంది. "సూర్యచంద్రులు చెక్కి ఉంటే కింద బంగారం, వెండి. శాపం రాసి ఉంటే నిధి పెద్దది." గుడికో, చెరువుకో, బ్రాహ్మడికో భూమి ఇచ్చినప్పుడు ఆ దానం ఆచంద్రార్కం, అంటే సూర్యచంద్రులున్నంత కాలం చెల్లాలని ఆ బొమ్మలు చెక్కించారు. వీరగల్లు మీదైతే ఆ వీరుడి కీర్తి అంతకాలం నిలవాలని. శాపం కూడా భూమి గురించే. తానిచ్చినదైనా పరులిచ్చినదైనా దానభూమిని హరించినవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడని శ్లోకం. వారణాసిలో కవిలలను, అంటే కపిల గోవులను, చంపిన పాపం తగులుతుందని తెలుగు మాట. ఆ రాయి ఊరికి రిజిస్ట్రీ దస్తావేజు. దస్తావేజు కింద ఎవరైనా బంగారం పాతిపెడతారా?

వీరగల్లు సంగతి ఇంకా బాధ. చాలావరకు, ఊరి పశువుల మందను దొంగలు తోలుకుపోతుంటే అడ్డంపడి చచ్చిపోయిన మామూలు మనిషికి నిలిపిన గుర్తు అది. చాలావాటి మీద కింది అరలో అతని పోరాటం, మధ్యలో అప్సరసలు పైకి తీసుకుపోవడం, పై అరలో శివలింగం ముందు అతను. రాజుల చరిత్రలో లేని మనిషికి మిగిలింది ఆ ఒక్క రాయి. రాయి నిలబడాలంటే అడుగు భాగం భూమిలో ఉండాలి. తవ్వేవాడికి దొరికేది ఆ అడుగు భాగమే, దాని చుట్టూ మట్టే. గునపం తగిలి ముందు పోయేది కింది అర, అతను పోరాడిన అర. దీన్ని "వదలకండి" అని ఊరూరా చాటుతున్నారా? సిగ్గుగా లేదా? పోనీ ఏదో దొరికిందే అనుకోండి. పది రూపాయలకు మించిన నిధి ఏది దొరికినా కలెక్టరుకు చెప్పాలని 1878 నాటి చట్టం ఉంది. ఆ ముక్క మెసేజ్‌లో ఎందుకు లేదు?

ఆరో పాయింటు, "పసుపు పూసి, బొట్టు పెట్టి పూజచేసే రాళ్లను మాత్రం ముట్టుకోకండి, ఊరు ఊరుకోదు." ఇది నిజం. ఒప్పుకోవడానికి నాకు కష్టంగా ఉంది. ఎనామిల్ రంగులు, పసుపు అక్షరాల్లో పేరుకుని చదవడానికి రాకుండా పోతున్నాయని ఇన్నేళ్లుగా ఊళ్లవాళ్లను విసుక్కున్నది నేనే. మా అమ్మమ్మగారి ఊళ్లో రెండు రాళ్లుండేవి. వేపచెట్టు కిందిదాన్ని పోతురాజు అని కొలుస్తారు, ఏటా కొత్తగా రంగు వేస్తారు. అది అలాగే ఉంది. చెరువు మలుపులో బొట్టు లేని రాయి, దాని మీద ఏడు వరుసలు చక్కగా కనిపించేవి. సంక్రాంతికి వెళ్తే అక్కడ నడుము లోతు గొయ్యి ఉంది, రాయి మూడు ముక్కలై పడి ఉంది. పిల్లలూ నేనూ ముక్కలు చేర్చి చూశాం. ఆ రాయి ఎప్పటిదో చెప్పే శక సంవత్సరం ఉన్న వరుస ఏ ముక్క మీదా మిగల్లేదు.