అమెరికా వెళ్లే అమ్మానాన్నల బీమా: చూడాల్సింది మినహాయింపులే

గత ఏడాది మా నాన్నగారి అమెరికా ప్రయాణానికి బీమా ఫారం నింపుతున్నప్పుడు, టికెట్లు చేసిన ట్రావెల్ ఏజెంటే ‘ఇప్పటికే ఉన్న జబ్బులు’ అన్న చోట ‘లేవు’ అని టిక్కు పెట్టి, సంతకం కోసం కాగితాన్ని ముందుకు జరిపాడు. నాన్నగారు పన్నెండేళ్లుగా షుగరుకీ బీపీకీ మాత్రలు వేసుకుంటున్నారని చెబితే, ‘అవన్నీ రాస్తే ప్రీమియం పెరుగుతుందండీ, ఎవరూ రాయరు’ అన్నాడు. ఆ ఫారం చించి ఇంకొకటి నింపించాం.

బీమా ఒప్పందం పరస్పర విశ్వాసం మీద నిలబడుతుంది కాబట్టి, తెలిసిన జబ్బును దాచిపెట్టి తీసుకున్న పాలసీ మీద క్లెయిమ్‌ను తిరస్కరించే హక్కు కంపెనీకి ఉంటుంది. ఛాతీ నొప్పితో అక్కడి ఆసుపత్రిలో చేరిన మనిషి గురించి కంపెనీ మొదట అడిగేది ఇక్కడి డాక్టరు రాసిన పాత చీటీలే. అందులో ఏళ్ల నాటి బీపీ మందు పేరు కనిపించిందంటే, ఫారంలోని ఆ టిక్కే క్లెయిమ్‌కు అడ్డం తిరుగుతుంది.

అలాగని నిజం రాసినంత మాత్రాన రక్షణ దొరికినట్టు కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. మన దేశంలో అమ్మే చాలా విదేశీ ప్రయాణ పాలసీలు ముందే ఉన్న జబ్బులను, వాటివల్ల వచ్చే ఇబ్బందులను మినహాయిస్తాయి. కొన్ని మాత్రం ప్రాణాపాయ స్థితిలో పరిమిత మొత్తం వరకు చెల్లిస్తాయి. అమెరికా కంపెనీల సందర్శకుల పాలసీల్లో ‘అక్యూట్ ఆన్‌సెట్’ అనే మాట కనిపిస్తుంది. పాత జబ్బు ముందస్తు సూచన లేకుండా హఠాత్తుగా ముదిరి, నిర్ణీత వ్యవధిలో, తరచుగా 24 గంటల్లోపే, చికిత్సకు వెళితేనే అది వర్తిస్తుంది. రెండు రోజులుగా ఆయాసంగా ఉన్నా పిల్లల్ని ఇబ్బంది పెట్టడమెందుకని చెప్పకుండా ఊరుకునే మన పెద్దవాళ్లకు ఈ షరతు ఎంత ప్రమాదకరమో వేరే చెప్పనక్కర్లేదు. డెబ్బై ఏళ్లు దాటితే ఈ వెసులుబాటును బాగా తగ్గించే పాలసీలూ ఉన్నాయి.

పాలసీ మీద పెద్ద అక్షరాలతో ఉండే 50 వేల డాలర్లో, లక్ష డాలర్లో చూసి ధైర్యపడటం నా దృష్టిలో తొందరపాటు. అరవై దాటిన వారికి గది అద్దెకు, ఐసీయూకు, శస్త్రచికిత్సకు విడివిడిగా ఉపపరిమితులు పెట్టే పాలసీలు చాలా ఉన్నాయి. ఫిక్స్‌డ్ బెనిఫిట్ పాలసీ అయితే ఒక్కో సేవకు ముందే రాసుకున్న మొత్తమే ఇస్తుంది, మిగిలిన బిల్లు కుటుంబం మీదే పడుతుంది. దీనికి తోడు, కంపెనీ చెల్లించడం మొదలుపెట్టే ముందు మనం భరించాల్సిన డిడక్టిబుల్ చాలా పాలసీల్లో ఉంటుంది.

ఐరోపాలోని చాలా దేశాలకు ఉమ్మడిగా పనిచేసే షెంజెన్ వీసాకు కనీసం 30 వేల యూరోల వైద్య బీమా తప్పనిసరి. అమెరికా సందర్శక వీసాకు అలాంటి నిబంధన లేదు, అక్కడి పెద్దవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే వైద్య బీమా మెడికేర్ సందర్శకులకు వర్తించదు. అడిగేవారు లేరు కాబట్టి, చవకగా దొరికిన పాలసీతో సరిపెట్టుకుంటున్నాం.

సామాను, ప్రయాణ రద్దు వంటివి వీటి ముందు చిన్న విషయాలు. సూట్‌కేసు రాకపోతే విమానాశ్రయం దాటకముందే ఎయిర్‌లైన్స్ కౌంటరులో ఫిర్యాదు రాయించి ప్రతి తీసుకోవాలి. రద్దు విషయంలో పాలసీలో పేర్కొన్న కారణాలకే డబ్బు వస్తుంది. మనసు మార్చుకుంటే రాదు.

క్లెయిమ్ అన్యాయంగా తిరస్కరించారనిపిస్తే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. అక్కడ న్యాయం జరగకపోతే, మన దేశపు పాలసీల విషయంలో బీమా ఫిర్యాదులను విచారించే బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది, ఫీజు లేదు. అయితే అక్కడా ముందుగా పరిశీలించేది మనం సంతకం పెట్టిన ఫారాన్నే. నాన్నగారు ఆ ఫారం నకలును, మాత్రల చీటీని ఒకే కవరులో పెట్టుకుని విమానం ఎక్కారు.