సవరణ: గాలి థర్మామీటర్, పాదరసం థర్మామీటర్

తిరుపతి ఎండల గురించి నిన్న పెట్టిన పోస్టులో "వాయు థర్మామీటర్ ఏదైనా సరే, పాదరసం దానికంటే కచ్చితం" అన్న మాట ఉంది. దాన్ని ఇలా సవరించి చదవండి: అది ఎలాంటి వాయు థర్మామీటర్ (పాదరసానికి బదులు గాలి లేదా మరో వాయువుతో వేడిని కొలిచేది) అన్నదాన్ని బట్టి ఉంటుంది.

గొట్టం చివర తెరిచి ఉండే పాతకాలపు గాలి థర్మామీటర్ వేడికే కాదు, బయటి గాలి పీడనానికీ స్పందిస్తుంది. దాన్ని అలిపిరి నుంచి తిరుమలకు తీసుకెళ్లారనుకోండి. కొండ మీద పీడనం దాదాపు 8 శాతం తక్కువ. చల్లదనం మాట అటుంచి, ఆ ఒక్క కారణంతోనే లోపలి గాలి వ్యాకోచించి, 20 డిగ్రీలకు పైగా వేడెక్కినట్టు చూపిస్తుంది! మూసిన పాదరసం గొట్టానికి ఈ ఇబ్బంది లేదు.

స్థిర ఘనపరిమాణ వాయు థర్మామీటర్ సంగతి వేరు. అందులో వాయువును వ్యాకోచించనివ్వకుండా దాని పీడనాన్ని కొలుస్తారు. బయటి పీడనాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటారు. వాయువుకు పాదరసం కంటే సుమారు 20 రెట్లు ఎక్కువ వ్యాకోచించే గుణం ఉంది కాబట్టి గాజు వ్యాకోచం వల్ల వచ్చే తేడా ఇందులో చాలా స్వల్పం. పైగా పీడనం తక్కువగా ఉంచితే హైడ్రోజన్ అయినా, హీలియం అయినా ఒకే ఉష్ణోగ్రత చూపిస్తాయి. పాదరసం, ఆల్కహాల్ థర్మామీటర్లు అలా అచ్చంగా ఒకేలా చూపించవు. అందుకే మిగతా థర్మామీటర్లను సరిచూడటానికి ఒకప్పుడు ఇదే ప్రమాణంగా ఉండేది.

పాదరసం –39 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. హీలియం వాయువుతో –260 కంటే కిందికీ కొలవొచ్చు. అయితే ఈ పరికరం పెద్దది, నిదానం. ఇంట్లో జ్వరం చూడటానికి పనికిరాదు.