రాత్రికి రాత్రి ఉత్తర్వు వచ్చే చోటికి పెట్టుబడి ఎందుకు వస్తుంది?

టాంజానియా 2025 జులైలో 15 రకాల వ్యాపారాల్లోకి విదేశీయులు అడుగుపెట్టకూడదని ఉత్తర్వు తెచ్చింది. మొబైల్ ద్వారా డబ్బు పంపే సేవలు, ఫోన్ల మరమ్మతు, పొలాల దగ్గరే పంట కొనడం, చిన్న గనుల తవ్వకం అందులో ఉన్నాయి. మీరిన విదేశీయుడికి కనీసం కోటి టాంజానియా షిల్లింగుల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు. కెన్యా వెంటనే అభ్యంతరం చెప్పింది. చెప్పక ఏం చేస్తుంది? ఒక సభ్యదేశ పౌరుడు మరో సభ్యదేశంలో వ్యాపారం పెట్టుకోవచ్చని టాంజానియా, కెన్యా సహా తూర్పు ఆఫ్రికా కూటమి దేశాలు రాసుకున్న ఉమ్మడి మార్కెట్ ఒప్పందం 2010 నుంచి అమల్లో ఉంది.

టాంజానియా నగరం దారెస్సలామ్‌లోని కరియాకో మార్కెట్‌లో చైనా వ్యాపారులు చిల్లర అమ్మకాల్లోకీ దిగి తమ పొట్ట కొడుతున్నారన్నది స్థానికుల గోడు. అది నిజమైన బాధే. కానీ దానికి మందు వెతికే తొందరలో ఎక్కడి నుంచో వచ్చినవారినీ, పొరుగు సభ్యదేశం వారినీ ఒకే గాటన కట్టడం ఎలా సమర్థనీయం?

ఇది ఒక్క టాంజానియా జబ్బు కాదు. కెన్యా 2021 మార్చిలో శిలీంధ్ర విషం పేరుతో ఉగాండా, టాంజానియా మొక్కజొన్నను ఆపేసింది. రెండు దేశాల మధ్య నమాంగా సరిహద్దులో కెన్యా వైపు వెళ్లే లారీలు బారులు తీరాయి. కొద్ది రోజుల్లోనే షరతులతో నిషేధం ఎత్తేశారు. ఈలోగా సరుకుతో రోడ్డు మీద నిలబడిపోయిన వ్యాపారి నష్టం ఎవరి ఖాతాలోకి వెళ్లాలో ఎవరూ చెప్పలేదు. అంతకుముందు, 2019 ఫిబ్రవరిలో ఉగాండా వైపు ఉన్న గటునా సరిహద్దును రువాండా మూసేస్తే, అది 2022 జనవరి ఆఖరుకు గానీ తెరుచుకోలేదు. దాదాపు మూడేళ్లు! సరిహద్దుకు అటూ ఇటూ బతికే చిన్న వ్యాపారులకు అది బతుకు తెరువు మూతపడటమే.

ఇప్పుడు పెట్టుబడిదారు కళ్లతో చూడండి. ఎనిమిది దేశాల మార్కెట్ అని ప్రకటనల్లో ఊరిస్తారు. కంపాలాలో పాల కర్మాగారం పెట్టేవాడు నైరోబీ వినియోగదారుణ్ని లెక్కలో వేసుకోవచ్చా? ఉగాండా పాలను కెన్యా అధికారులు పట్టుకున్న సంగతి తెలిసినవాడెవడూ వేసుకోడు. ఒక్క దేశానికి సరిపడా చిన్న కర్మాగారమే కడతాడు. పన్ను మినహాయింపులు ఎన్ని గుప్పించినా ఈ లెక్క మారదు. పైగా బయటి దేశాల సరుకుపై కూటమి అంతా ఒకేలా వేయాల్సిన ఉమ్మడి సుంకంలోనూ ఏటా బడ్జెట్ వేళ ప్రతి దేశమూ తనకు కావలసిన సడలింపులు రాయించుకుంటోంది. ఈ ఏడాది ముడిసరుకు మీద పడే సుంకం వచ్చే ఏడాది ఉంటుందో మారుతుందో తెలియనప్పుడు యంత్రాల మీద పదేళ్ల అప్పు ఎవరు చేస్తారు?

అసలు రోగం పాలకులు ఇచ్చిన మాటకు కట్టుబడకపోవడం. మాట తప్పితే ఏ నష్టమూ లేనప్పుడు కట్టుబడాల్సిన అవసరం వారికి కనిపించదు. కూటమి నిర్ణయాలు ఏకాభిప్రాయంతోనే జరగాలి కాబట్టి తప్పు చేసిన దేశమే అడ్డుపడవచ్చు. టాంజానియాలోని అరుషాలో కూటమి ప్రాంతీయ న్యాయస్థానం ఉంది, తీర్పులూ ఇస్తోంది. వాటిని అమలు చేయాల్సింది మాత్రం కేసు ఓడిన ప్రభుత్వమే. పొరుగు దేశపు వ్యాపారిని దెబ్బతీసే ఏ ఉత్తర్వైనా ఆరు నెలల ముందస్తు నోటీసు లేకుండా చెల్లకూడదు. దారిలో ఆగిపోయిన సరుకుకు పరిహారం ఆ ఉత్తర్వు ఇచ్చిన ఖజానాయే కట్టాలి. ఈ రెండు నిబంధనలనూ ఒప్పందంలో చేర్చేదాకా కొత్త సభ్యదేశాలను కలుపుకోవడం ఆపాలి.