ఫోనివ్వరు.. నంబరు అంటిస్తారు

ఇంటర్ ఫలితాలు రావడమే ఆలస్యం, విశాఖలో ద్వారకానగర్ నుంచి గాజువాక దాకా ఫ్లెక్సీలు లేచాయి. ఫొటో, పక్కన మార్కులు, పైన కాలేజీ పేరు. ఆ కాలేజీల హాస్టళ్లలోనే మెట్ల మలుపు దగ్గర ఇప్పుడు ఇంకో కాగితం కూడా ఉంటోంది. మనసు బాగోలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయమని అందులో రాసి ఉంటుంది. చేయాల్సిన పిల్లల దగ్గర మాత్రం ఫోన్ ఉండదు. చాలా రెసిడెన్షియల్ కాలేజీల్లో అది మొదటి నిబంధన. పెట్టెలో దొరికితే లాక్కుంటారు. ఇంటికి మాట్లాడాలంటే ఆదివారం వార్డెన్ గది ముందు వరుస కట్టాలి. వంతు వచ్చాక రెండు మూడు నిమిషాలు, అదీ వెనక నిలబడ్డవాళ్లు వింటుండగా. ఆ వరుసలో నిలబడి, వార్డెన్ ఫోన్ అందుకుని, తనకు బతకాలని లేదని ఏ బిడ్డ చెబుతుంది? తనిఖీకి వచ్చే అధికారికి చూపించడానికి తప్ప ఆ కాగితం ఇంకెందుకూ పనికిరాదు.

అది గోడెక్కిన కారణం విశాఖకు వేరే చెప్పనక్కర్లేదు. ఈ నగరంలోని ఒక హాస్టల్లో 2023లో జరిగిన నీట్ విద్యార్థిని మృతి కేసును సీబీఐకి అప్పగిస్తూ, 2025 జులై 25న సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తించే 15 మార్గదర్శకాలు ఇచ్చింది. రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కులో మానసిక ఆరోగ్యమూ భాగమేనని తేల్చింది. చట్టమో నిబంధనలో వచ్చేదాకా ఆ మార్గదర్శకాలకు కట్టుబడాల్సిందే. 2001లో 5,425గా ఉన్న విద్యార్థుల ఆత్మహత్యలు 2022లో 13,044కు చేరాయన్న జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క కూడా ఆ తీర్పులో ఉంది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతిచోటా అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో నియమించాలి. సిబ్బంది మొత్తానికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇప్పించాలి. మార్కులను బట్టి బ్యాచులు విడగొట్టకూడదు, నలుగురిలో అవమానించకూడదు. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, తరగతి గదుల్లో పెద్ద అక్షరాలతో పెట్టాలి. అన్నింటిలోకీ చవకైనది ఈ చివరిదే. అందుకే అందరూ ముందు దాన్ని అమలు చేసి చేతులు దులుపుకొన్నారు.

ఫోన్లిస్తే రాత్రంతా రీల్సేనని, వద్దని కోరేది తల్లిదండ్రులేనని యాజమాన్యాలు అంటాయి. నిజమే కావచ్చు. పిల్లలకు స్మార్ట్‌ఫోన్లు పంచమని ఎవరడిగారు? అంతస్తుకో ల్యాండ్‌లైను, దానికి తలుపు వేసుకునే చిన్న గది, ఎప్పుడు వెళ్లినా ఎందుకని అడగని నిబంధన. ఇంతే కావాల్సింది. 14416, అత్యవసరానికి 112, ఇంటి నంబరు తప్ప మరోచోటికి కాల్ పోకుండా చేసుకోవడం సాంకేతికంగా కష్టమేమీ కాదు. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చుండదు. ముందు ఫోన్ ఎత్తేది శిక్షణ పొందిన కౌన్సెలర్. ప్రమాదం ఎంత దగ్గర్లో ఉందో మాటల్లో పెట్టి తెలుసుకుంటారు, అవసరమైతే సైకియాట్రిస్టుకు కలుపుతారు, నేరుగా చూపించుకోవాల్సి ఉంటే దగ్గర్లోని ప్రభుత్వ వైద్యానికి దారి చూపుతారు. వార్డెన్ గడియారం చూస్తూ ఇచ్చే మూడు నిమిషాల్లో తెమిలే సంభాషణ కాదది.

ఫోన్ ఒక్కటే అయితే ఇంత కోపం రాకపోను. బ్యాచుల సంగతి చూడండి. వీకెండ్ టెస్టు మార్కులు పడగానే సెక్షన్లు మారతాయి. కోర్టు వద్దన్నాక పేర్లు మారాయి కానీ ఏ సెక్షన్‌లో ఉంటే ఏ లెక్చరర్ వస్తాడో, ఏ సెక్షన్‌ను కాలేజీ వదిలేసిందో పిల్లలకు మొదటి నెలలోనే తెలుస్తుంది. పైనుంచి కిందికి జారినవాడు తన పరుపు, పుస్తకాల పెట్టె మోసుకుని మరో బ్లాకుకు మారాలి. ఇంతకన్నా బహిరంగ అవమానం ఏముంటుంది? రాత్రి పదకొండుకు స్టడీ అవర్ వదిలి తెల్లవారుజామున ఐదుకు లేపితే, పక్క వేసుకున్న క్షణంలోనే నిద్రపట్టినా దక్కేది ఆరు గంటలు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వారికి కావాల్సింది ఎనిమిది నుంచి పది. కరవైన నిద్ర ముందు జ్ఞాపకశక్తిని, ఆ తర్వాత మనసును తింటుంది. మార్కులు తగ్గాయని ఇంకో గంట స్టడీ అవర్ పెంచేవారికి ఇది చెప్పే కౌన్సెలర్ ఆ ప్రాంగణంలో ఉన్నాడా?

డిప్రెషన్ అంటే ఏడుస్తూ కూర్చోవడమే అనుకోవడం ఇంకో ముప్పు. ఈ వయసులో అది చిరాకుగా, కోపంగా బయటపడుతుంది. తలనొప్పి, కడుపునొప్పి అని రోజూ సిక్ రూముకు వచ్చే పిల్లాడి రూపంలోనూ ఉంటుంది. ఇష్టమైన ఆట మీద ఆసక్తి పోవడం, మెస్‌కు రాకపోవడం లేదా అతిగా తినడం, చదివింది తలకెక్కకపోవడం, తానెందుకూ కొరగానన్న మాట. ఇలాంటివి ఒక్కటి కాకుండా కొన్ని కలిసి, దాదాపు రోజంతా, రెండు వారాలకు మించి ఉంటే డాక్టరుకు చూపించాలి. పరీక్ష ముందు రోజు గుండె దడ వేరు, ఇది వేరు. ఈ తేడా తెలియని వార్డెన్ 'నాటకాలు' అని తిట్టి పంపుతాడు. డిప్రెషన్ ఆనవాళ్లు పట్టే తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9 పత్రం నింపించడానికి ఐదు నిమిషాలు చాలు. మొత్తం 27లో స్కోరు 10 గానీ అంతకు మించి గానీ వస్తే నిపుణుడు చూడాలి. చనిపోతే బాగుండునన్న ఆలోచన గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకు 'కొన్ని రోజులు' అని జవాబొచ్చినా, స్కోరు ఎంతైనా సరే, ఆ రోజే కూర్చోబెట్టి మాట్లాడాలి. కొన్ని కాలేజీలు ఈ పత్రాలు నింపించి ఫైల్లో పెట్టేస్తే అది అసలు అడగకపోవడం కన్నా ఘోరం. బిడ్డ చెప్పింది, ఎవరూ చదవలేదు.

కౌన్సెలర్ల కొరత అనే సాకు కనీసం విశాఖలో చెల్లదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సైకాలజీ విభాగముంది, సోషల్ వర్క్ విభాగముంది. చదివినవాళ్లు ఇక్కడే ఉన్నారు, జీతమివ్వడమే ఇష్టం లేదు. అడ్మిషన్లు చూసే పీఆర్వోకో, కెమిస్ట్రీ లెక్చరర్‌కో ఆ హోదా తగిలించి బోర్డు పెడితే సరిపోతుందనుకుంటే అది మోసం. పొద్దున ప్రిన్సిపల్‌తో కలిసి మార్కులు సమీక్షించే మనిషి దగ్గరికి సాయంత్రం ఏ విద్యార్థీ మనసు విప్పుకోడానికి రాడు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ వ్యాధి వివరాల గోప్యతను హక్కుగా ఇచ్చింది. ప్రాణానికి ముప్పుంటే తల్లిదండ్రులకు చెప్పాల్సిందే, ఆ సంగతి పిల్లలకు మొదటి రోజే చెప్పి ఉంచాలి. మిగతాది ప్రిన్సిపల్ చెవిన పడకూడదు.

బిడ్డ నోరు విప్పితే ఏం జరుగుతోంది? తల్లిదండ్రులకు ఫోన్ చేసి 'మీవాణ్ని తీసుకెళ్లండి, మా మీదికి వస్తుంది' అనడం. విజయనగరం నుంచో, పాడేరు నుంచో తండ్రి వచ్చేదాకా గేటు దగ్గర పెట్టెతో కూర్చోబెట్టడం. చెప్పుకొంటే వెళ్లగొడతారని మిగతా పిల్లలందరికీ ఆ ఒక్క పెట్టె నేర్పిస్తుంది. చేయాల్సింది మరొకటి. చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగాలి. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఒంటరిగా వదలకూడదు. చేతికందే హానికర వస్తువులు తీసేయాలి. ఎవరైనా నమ్మకమైన పెద్దమనిషి పక్కనుండాలి. అదే రోజు డాక్టరుకు చూపించాలి. కిటికీలకు గ్రిల్లులు, మేడ తలుపుకు తాళం కూడా కావాలి. ఆ క్షణపు ఉద్రేకం చాలాసార్లు కొద్దిసేపే ఉంటుంది, అడ్డంకి ప్రాణం నిలబెడుతుంది. అయితే గ్రిల్లుకు కొలతలు తీయడానికి చూపిన శ్రద్ధ సెక్షన్ల రద్దుకు చూపరేం?

పోలీసు కేసవుతుందన్న భయం ఇంకా పోలేదు. ఆత్మహత్యాయత్నం చేసిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని 2017 చట్టం 115వ సెక్షన్ ఎప్పుడో చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 సెక్షన్ లేనేలేదు. కాలేజీ పరువు కోసం ఈ భయాన్ని వాడుకుని వైద్యానికి ఆలస్యం చేసేవారిని ఏమనాలి?

వైద్యం మొదలయ్యాకా అంతే నిర్లక్ష్యం. డిప్రెషన్ మందులు పనిచేయడం మొదలుపెట్టడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. వికారం, నిద్రలో తేడా మాత్రం మొదటి వారంలోనే వస్తాయి. అది చూసి మానేసేవాళ్లుంటారు. చిన్న వయసువారిని ఆ తొలి వారాల్లో మరింత దగ్గరగా కనిపెట్టుకోవాలి. తగ్గిందనిపించాక కూడా నెలల తరబడి, డాక్టరు చెప్పేదాకా వాడాలి. మాత్రలన్నీ పిల్లల చేతికివ్వకుండా ఏ రోజువి ఆ రోజు నర్సు ఇవ్వాలి. తర్వాతి సారి చూపించుకోవడానికి పంపితే క్లాసు పోతుందని ఆపితే ఇదంతా వృథా. చినవాల్తేరులో బ్రిటిష్ కాలం నాటి ప్రభుత్వ మానసిక వైద్యశాల మన ఊళ్లోనే ఉంది. ఉత్తరాంధ్ర అంతా అక్కడికే వస్తుంది. ఆ పేరునే వెక్కిరింతకు వాడే ఊళ్లో పదహారేళ్ల పిల్ల అక్కడికి వెళ్తానని అడగాలంటే ఎంత గుండె కావాలి!

మార్గదర్శకాల అమలుకు కలెక్టర్ అధ్యక్షతన జిల్లా కమిటీ ఉండాలని, కోచింగ్ సెంటర్ల నమోదుకు రాష్ట్రాలు రెండు నెలల్లో నిబంధనలు తేవాలని కోర్టు చెప్పింది. ఆ కమిటీ చెప్పాపెట్టకుండా హాస్టళ్లకు వెళ్లాలి. గోడ మీది కాగితాన్ని ఫొటో తీసుకుని తిరిగి రాకూడదు. కౌన్సెలర్ డిగ్రీ, జీతం పత్రం అడగాలి. గత మూడు నెలల్లో ఏ విద్యార్థి ఏ సెక్షన్ నుంచి ఎక్కడికి మారాడో రిజిస్టర్ తీయించాలి. వార్డెన్లను బయటికి పంపి పిల్లలతో విడిగా మాట్లాడాలి. ఒక విద్యార్థిని అక్కడికక్కడ 14416కు ఫోన్ చేయమనాలి. ఎన్ని తలుపులు దాటాలో, ఎవరి అనుమతి కావాలో స్వయంగా చూడాలి. తల్లిదండ్రులు కూడా ఏసీ గదులు, మెస్ మెనూ, పోయినేటి ర్యాంకులు అడగడం ఆపి, కౌన్సెలర్ పేరేమిటి, నా బిడ్డ అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయగలడు అని ఫీజు కట్టే ముందే అడగాలి. జవాబు లేనిచోట అడ్మిషన్ వద్దనాలి. ఇవేవీ చేయకుండా అక్టోబరు 10న మానసిక ఆరోగ్య దినమంటూ బీచ్ రోడ్డులో టీషర్టులు పంచి ర్యాలీ తీసే అర్హత ఈ యాజమాన్యాలకు లేదు. దానికి జెండా ఊపే అర్హత అధికారులకు అంతకన్నా లేదు.